కందగడ్డ

ఆ రాత్రి యార్క్‌టన్‌లో మైనస్ ముప్పై ఒకటి.
ఓరెస్ట్ వెనక తలుపు తీసి
బనియనుతోనే మంచులోకి నడిచాడు.
మొహం కందగడ్డ.
చెవులు, మెడ, ఛాతీ,
ఒంటినిండా ఆవాలు చిటపటలాడుతున్నట్టు.
"డార్కా, నేను పోతున్నాను" అన్నాడు.
ఎక్కడికో చెప్పలేదు.

బల్లమీద సీసా. నయాసిన్.
ఒక్కో బిళ్ళ ఐదు వందల మిల్లీగ్రాములు.
కర్లింగ్ ఆటలో జతగాడు మిరోస్లావ్ చెప్పాడట,
కొలెస్ట్రాల్‌కి ఇంతకు మించింది లేదని,
విటమినే కదా, ఏం చేస్తుందని.
పరగడుపున రెండు మింగి
పైన పొగలు కక్కే కాఫీ తాగాడు మా మహానుభావుడు.

గంటలోపే ఆ ఎరుపు
చెప్పకుండా వచ్చిన చుట్టంలా చెప్పకుండా పోయింది.
ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని,
మంచుమీద బండి జారితే
బ్రేకు గట్టిగా తొక్కకూడదని తెలిసినదాన్ని.
ఐనా ఆ రాత్రి దుప్పటి తీసుకెళ్ళి కప్పుతుంటే
నా వేళ్ళు నా మాట వినలేదు.

మందుల షాపులో మార్గో పెల్టియే
గొంతు పెంచకుండా తిట్టగలదు.
"ఒంటికి కావలసింది రోజుకి పదహారు మిల్లీగ్రాములు.
అది మీ రొట్టెలో ఉంది, కోడికూరలో ఉంది,
మీరు టీవీ ముందు నమిలే వేరుశనగల్లో ఉంది.
మీరు మింగిన వెయ్యి విటమిన్ కాదు, ఓరెస్ట్, మందు.
మందంటే వెనకాల ఒక డాక్టరుండాలి."

"మొహం ఎర్రబడని రకం ఉందటగా?"

ఆవిడ కలం కింద పెట్టింది.
"ఎర్రబడటం చర్మం వేసే కేక.
ఆ కేక వినపడకుండా నెమ్మదిగా కరిగే బిళ్ళలున్నాయి.
వాటి బరువు కాలేయం మోస్తుంది.
కాలేయం కేకలెయ్యదు."

ఇంటికొచ్చేదాకా ట్రక్కులో ఎవరం మాట్లాడలేదు.
గోధుమ కొట్టాల మీద ఎండ, వేడి లేని ఎండ.

డాక్టరు నెత్తురు తీయించాడు:
కాలేయానికి, చక్కెరకి, యూరిక్ ఆమ్లానికి.
నిరుడు ఓరెస్ట్ బొటనవేలు
గౌట్‌తో వంకాయలా వాచిన సంగతి
నేనే గుర్తు చేయాల్సి వచ్చింది.
"ఐతే ఇది మీకు పడదు" అన్నాడు.
"ఒకప్పుడు మేమే రాసేవాళ్ళం చాలామందికి.
అంకెలు తగ్గాయి కాగితం మీద.
స్టాటిన్‌తో కలిపి ఇచ్చినా
గుండెపోట్లు మాత్రం అనుకున్నట్టు తగ్గలేదు."
వేరే మందు రాశాడు. చిన్న బిళ్ళ, రాత్రిపూట.
ఓరెస్ట్ మొహం చిన్నబోయింది,
కేకలెయ్యని మందు పనిచేస్తుందంటే నమ్మకం కుదరనట్టు.

మిరోస్లావ్ ఏ డాక్టరుకీ చెప్పలేదు.
నెమ్మదిగా కరిగే రకానికి మారాడు,
ఎర్రబడటం లేదని గొప్పగా చెప్పుకున్నాడు.
మార్చిలో, ఆట మధ్యలో,
రాయి విసరబోతూ అలాగే కూర్చుండిపోయాడు.
మంచు వెలుతురులో చూస్తే కళ్ళు పసుపు.
వికారం వారం నుంచీ ఉందట.
ముసలితనమనుకున్నాడట.
ఆసుపత్రికి ఓరెస్టే తీసుకెళ్ళాడు,
ఎర్ర దీపాల దగ్గర కూడా ఆగకుండా.

బిళ్ళలు మాన్పించారు. కాలేయం మెల్లగా కోలుకుంది.
మంచంమీంచే ఆ మొండివాడు అన్నాడు,
"సగం సీసా మిగిలుంది, పారేస్తే డబ్బు దండగ."

మొన్న బట్టలు ఉతుకుతూ
ఓరెస్ట్ కోటు జేబులో చెయ్యి పెడితే
గలగలమంది.
సీసా. మిరోస్లావ్ పేరు, మిరోస్లావ్ చేతిరాత.
"మళ్ళీ మొదలెట్టావా?" అన్నాను.
"వాడు స్నానాల గదిలో ఉండగా
అలమారులోంచి తీసుకొచ్చేశాను" అన్నాడు నేల చూస్తూ.
"దొంగతనమే. వాడికి చెప్పకు."

డెబ్భై మూడేళ్ళ మనిషి.
చెవులు, మెడ, నుదురు,
మొహం కందగడ్డ.
కాఫీ ఇంకా పొయ్యిమీదే ఉంది.
బిళ్ళ మూత తియ్యలేదు ఎవరూ.